కొండపనిలో ప్రమాదములు - పంచాయతీల బాధ్యత

(అరకులోయ ప్రాంతపు పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



2020 ఆగస్టు 1వ తేదీన విశాఖపట్నములోని హిందుస్థాన్ షిప్‌యార్డులో ఒక పెద్ద క్రేనును పరీక్షించుచుండగా అది కూలి 11 మంది మరణించిరి. ఆ వార్త దేశమంతట వ్యాపించినది; విచారణలు జరిగినవి. జరుగవలసినదే. కాని మన కొండలలో మిరియములు కోయుచు ఒకడు, చింతకొమ్మ విరిగి ఒకడు, జీలుగుచెట్టు ఎక్కి ఒకడు పడుచుందురు. ఒక్కొక్కరుగా పడుటచేత అది ఏ పత్రికకును వార్త కాదు. ఫ్యాక్టరీని చూచుటకు ఇన్‌స్పెక్టరు కలడు. తన తోటకు తానే యజమానియు తానే కూలియు అయిన గిరిజన రైతును చూచువారెవరు? పంచాయతీ తప్ప మరియొకరు లేరని నా అభిప్రాయము.

కాఫీపండ్ల కోత నవంబరు మొదలు జనవరి వరకు సాగును. కాఫీమొక్కను నేలపై నిలిచియే కోయవచ్చును గనుక అందు పడు భయము తక్కువ. అసలు అపాయము అటుపిమ్మట వచ్చును. నీడకొరకు పెంచిన సిల్వర్ ఓక్ చెట్లపై మిరియపుతీగ ప్రాకును. ఆ చెట్టు నిటారుగా ఎదుగునది. పట్టుకొనుటకు క్రింద కొమ్మ దొరకదు. ఫిబ్రవరి, మార్చి నెలలలో మిరియము కోతకు వచ్చును. చింతపండు దులుపుటయు ఆ దినములలోనే. అనగా ఊరిలో సగముమంది చెట్లపై నుండు కాలమిది.

వెదురునిచ్చెనను నిరుడు వాడి, చూరు క్రింద పడవేసి, ఈ ఏడు తీసి నేరుగా చెట్టునకు ఆనించుట మన అలవాటు. ఏడాదిలో పురుగు తొలిచినదో, కణుపు చీలినదో చూచువారు లేరు. కోతకు ముందు ప్రతి నిచ్చెనను నేలపై పరచి మెట్టుమెట్టునకు బరువు వేసి చూడవలెను. ఎక్కినవాడు మొట్టమొదట చేయవలసిన పని నిచ్చెన తలను చెట్టుమ్రానునకు త్రాటితో కట్టుట. అంతవరకు క్రిందివాడు మొదలు విడువరాదు. మంచు ఆరకమునుపు ఎక్కరాదు. సంచి భుజమునకు తగిలించుకొనవలెనుగాని చేతితో పట్టరాదు.

తెలంగాణ ప్రభుత్వము 2024 జూలైలో కల్లుగీత కార్మికులకు ‘కాటమయ్య రక్ష’ అను పేరుతో రక్షణ సామగ్రి పంచుట ప్రారంభించినది. నడుమునకు పట్టీ, చెట్టునకు త్రాడు. కాలుజారినను మనిషి నేలకు రాడు, నడుమనే నిలుచును. మన జీలుగు ఎక్కువానికిని, మిరియము కోయువానికిని ఇదియే కావలసినది. ఇటువంటి పట్టీలు నాలుగైదు పంచాయతీ ఆఫీసులో ఉంచి, కోతకాలమున ఎరువిచ్చి తిరిగి తీసికొనవచ్చును.

ఇక పడినవాని మాట. ఇక్కడ కొంచెము ఓపికతో వినవలెనని నా మనవి. పడినవానిని చూడగానే మనవారు చంకలలో చేతులు వేసి లేపి కూర్చుండబెట్టుదురు, నీళ్లు పట్టుదురు, దుప్పటితో డోలీకట్టి మోసుకొని పోవుదురు. అది ప్రేమయే. కాని వెన్నెముక విరిగినవానికి డోలీ మిక్కిలి చెడ్డది. దుప్పటిలో మనిషి విల్లువలె వంగును. విరిగిన ఎముక లోపలి నరములను నలుపును. కాళ్లు కదల్చగలిగి పడియున్నవాడు రోడ్డు చేరునప్పటికి జన్మకంతటికి కాళ్లు పోగొట్టుకొనవచ్చును. కావున పడినవానిని పడినట్లే ఉంచుడు. తల కదలకుండ ఒకరు రెండు చేతులతో పట్టవలెను. తక్కినవారు భుజములు, తుంటి, కాళ్లు పట్టి, దేహమంతయు ఒక్క దుంగవలె ఒకేసారి దొర్లించి క్రింద పలక చేర్చవలెను. తలకు ఇరుప్రక్కల గుడ్డచుట్టలు పెట్టి, పలకకు కట్టివేసి మోయవలెను. పలక లేనిచో ఇంటి తలుపు ఊడదీయుడు. నులకమంచము వద్దు, అదియు క్రుంగును. ఈలోగా ఒకరు ఫోను అందు చోటికి పరుగెత్తి 108కి చెప్పవలెను. వాహనము ఎక్కవలసిన తావు ఏదో ఊరివారందరికి ముందే తెలిసియుండవలెను.

పాముకాటు సంగతి. కాఫీతోటలో రాలిన ఆకులలోను, అడ్డాకులకు పోవు పొదలలోను ఇది సామాన్యము. చేయిపెట్టకముందు కర్రతో కదల్చుట, కాలికి బూట్లు తొడుగుట ముఖ్యము. కరచినచోట కోయరాదు, నోటితో పీల్చరాదు, త్రాటితో బిగించి కట్టరాదు. విరిగిన చేతికి కట్టినట్లు బద్దకట్టి, నడువనీయక ఆసుపత్రికి చేర్చవలెను. త్రాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి ఈ నాలుగింటి విషమునకు పనిచేయు మందు ఒక్కటే కలదు, అది సూదిమందు. మంత్రము వేయింపదలచిన దారిలో వేయింపుడు, గాని బండి ఆగరాదు.

కాఫీపండ్లు ఒలుచు యంత్రము వద్ద చీరకొంగు బిగించి కట్టుట, పిల్లలను దగ్గరకు రానీయకుండుట, ఇరుకుకొన్న పండును యంత్రము ఆపిన తరువాతనే తీయుట చాలును.

ఇతరుల వద్ద కూలికిపోయి గాయపడినవాని విషయము వేరు. రోడ్డుపని, రాతిక్వారీ, ఇంటికట్టడము - ఇట్టి పనులలో గాయపడిన కార్మికునికి యజమాని నష్టపరిహారమీయవలెనను చట్టము 1923లోనే వచ్చినది; ఆ హక్కు ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేరియున్నది. కాని అడుగుటకు సాక్ష్యము కావలెను. గాయపడినవాడు కొండ ఎక్కి ఇంటికి వచ్చును, కంట్రాక్టరు పని ముగించి పోవును, నెల తిరిగినపిమ్మట ఏ దినమున ఏమి జరిగినదో చెప్పువారుండరు.

కావున పంచాయతీ ఆఫీసులో ఒక గాయముల పుస్తకము తెరువుడు. పేరు, తేదీ, పని, స్థలము, పని పెట్టినవాని పేరు, ఇద్దరు సాక్షులు, చేరిన ఆసుపత్రి. స్వంతతోటలో పడినవారిని గూడ వ్రాయుడు. రెండు కోతలు గడచిన పిమ్మట ఆ పుస్తకము తిరుగవేసినచో మీ ఊరిలో మనుష్యులు ఏ పనిలో, ఏ నెలలో, ఏ దారిలో గాయపడుచున్నారో మీకే తెలియును. జనవరి 26న జరుగు గ్రామసభ మిరియపుకోతకు కొద్దిదినముల ముందే వచ్చును. నిచ్చెనలు, త్రాళ్లు, మోయు పలక - ఈ మూడింటిని ఆనాటి చర్చాంశములలో చేర్పించుడు.