గోదావరి మన్ను - కుమ్మరి చేయి



మన కుమ్మరులు తమ్ము శాలివాహనులని చెప్పుకొందురు. కుమ్మరి యింట పెరిగిన శాలివాహనుడు మట్టితో ఏనుగులను, గుఱ్ఱములను, భటులను చేసి ప్రాణము పోసెనని కథ. ఆ కథకు నెలవైన ప్రతిష్ఠానపురము, నేటి పైఠాన్, గోదావరి యొడ్డుననే యున్నది. కథను నమ్మినను నమ్మకున్నను, ఆ యెగువసీమల మన్నే వరదలలో దిగి మన లంకలను కట్టినదనుట మాత్రము నిజము.

ఆ మన్ను పుట్టుక విచిత్రమైనది. దాదాపు 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట దక్కనులో భూమి చీలి, కరగిన రాయి పొరలు పొరలుగా పారి గడ్డకట్టినది. ఆ నల్లరాయి అరిగి నల్లరేగడియైనది. అట్టి రాతిపొరలే రాజమహేంద్రవరము చెంత కాటేరులోను, ఆవలి యొడ్డున పంగిడి, దుద్దుకూరులలోను కనబడును. అవి అంత దూరమునుండి పారివచ్చినవేయని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. ఆ పొరల నడుమ ఉప్పునీటి జీవుల చిప్పలు శిలారూపమున దొరకినవి. ద్వారకాతిరుమల మెట్టలో మరియొక జాతి మన్ను కలదు; జిగటయైన ఆ మన్నును పింగాణి పనికై త్రవ్వుదురు.

కుమ్మరి యీ శాస్త్రమును చదువలేదు; వ్రేళ్లతో నెఱిగినాడు. నల్లమన్ను తడిసి ఉబ్బును, ఆరి బీటలు వాఱును. కావున ఇసుకయో, ఊకయో, బూడిదయో కలిపి త్రొక్కును. పెద్ద కడవ సారెమీద నొక్కమారే పూర్తి కాదు. పచ్చిమన్ను తన బరువునకు తానే కుంగును గదా! అందుచేత మందముగా తీసి, కొంత ఆరనిచ్చి, లోపల గుండ్రాయి నానించి, వెలుపల చెక్కతో తట్టుచు కడుపు పెంచును. నూతి ఒరలకు సారె చాలదు. మట్టిపట్టీలను చుట్టి చేతితోనే నిలుపవలెను. ఆవములో గాలి యాడినయెడల మన్నులోని యినుము ఎఱ్ఱనగును. గాలి నడ్డగించి పొగ నిలిపినయెడల కుండ నల్లనగును. ఒకే ముద్ద, రెండు రంగులు. ఛాందోగ్యమున ఉద్దాలకుడు శ్వేతకేతునకు మట్టిముద్దనే ఉపమానముగా చూపుటలో ఆశ్చర్యమేమున్నది?

నేడు ఒరలు సిమెంటువి, బిందెలు ప్లాస్టికువి. అది కాలధర్మమందుము. కాని మన్ను తీయు చెఱువునే పూడ్చినయెడల ఏ చేతికిని పని యుండదు. ఏ పొర కుండకు, ఏది పెంకుకు, ఏది ఇటుకకు పనికివచ్చునో చెప్పగల వృద్ధులు తగ్గిపోవుచున్నారు. వారి మాటలు ఏ తాళపత్రమునను లేవు. రజతోత్సవము చేసికొనుచున్న యీ గ్రంథాలయము వారికొఱకు ఒక నోటుపుస్తకము తెరువవలెను. చెఱువు పేరు, పొర లోతు, కలుపు పాళ్లు, ఆరబెట్టు దినములు వారు చెప్పగా వ్రాసికొని, ఆ మన్నుతో చేసిన బిళ్లలు రెండు, పచ్చిదొకటి, కాల్చినదొకటి, అల్మారాలో నుంచవలెను. వేసవిలో చెఱువు లెండినప్పుడైనచో పొరలన్నియు కంటికి కనబడును.