డెడ్‌లిఫ్ట్ చేస్తే నడుం పట్టేసిందా? మంచం ఎక్కకండి, మొండికీ పోకండి

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క విషయం మీదే. జిమ్‌లో బరువులు ఎత్తేవాళ్లకి వచ్చే నడుం నొప్పి. ఏలూరు నుంచి, గూడెం నుంచి, కైకలూరు సైడ్ నుంచి చాలామంది ఇదే అడుగుతున్నారు. వాళ్లలో ఒక తమ్ముడు కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. 1600 మీటర్ల పరుగు ఉంటుంది కదా, కాళ్లలో బలం కోసం డెడ్‌లిఫ్ట్ మొదలుపెట్టాడు. రెండో నెలలో నడుం పట్టేసింది. ఇంట్లోవాళ్లేమో "జిమ్ మానెయ్" అంటున్నారు. జిమ్‌లోవాళ్లు "బెల్ట్ పెట్టుకుని లేపెయ్" అంటున్నారు. వీధి చివర ఆర్‌ఎంపీ "ఒక ఇంజెక్షన్ వేస్తా, రేపటికల్లా సెట్" అంటున్నాడు. "అన్నా, ఎవరి మాట వినాలి?" అన్నది అతని ప్రశ్న.

నా సమాధానం ముందే చెప్పేస్తా. ముగ్గురి మాటా వినొద్దు. నడుం నొప్పికి పూర్తిగా ఆపేయడం మందు కాదు, పళ్లు బిగించి లాగేయడం కూడా మందు కాదు. బరువు తగ్గించి, కదలిక మార్చి, మళ్లీ మెల్లగా పెంచుకుంటూ రావడమే దారి. నేను డాక్టర్‌ని కాదు, సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాణ్ని. అందుకే అన్నిటికంటే ముందు, ఈ వీడియో ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన లక్షణాలు చెప్తాను.

మూత్రం రాకుండా ఆగిపోవడం, లేదా మూత్రం, మలం మీద కంట్రోల్ పోవడం. తొడల మధ్య, బండి సీటుకి ఆనే చోట స్పర్శ తెలియకపోవడం. కాలు బలం తగ్గిపోయి పాదం ఈడ్చడం. ఈ మూడిట్లో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లండి. వెన్ను చివరి నరాలు నొక్కుకుపోతే గంటలు కూడా లెక్కే. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా ఒళ్లు తగ్గిపోతున్నా, బండి మీంచి పడ్డాక నొప్పి మొదలైనా కూడా డాక్టరే చూడాలి. ఇవేవీ లేవా? అయితే భయం తగ్గించుకుని మిగతాది వినండి.

నడుం నొప్పి చాలా మామూలు విషయం. డబ్ల్యూహెచ్‌ఓ లెక్క ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మందికి ఉంది. వీళ్లలో ఎక్కువమందికి ఫలానా ఎముక, ఫలానా నరం అని వేలు పెట్టి చూపించే కారణం దొరకదు. కొత్తగా పట్టేసిన నొప్పి చాలామందికి ఆరు వారాల్లోపే బాగా తగ్గుతుంది.

మరి ఎమ్మారై తీయించాలా? ఇక్కడ ఒక లెక్క చూడండి. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో, అసలు నడుం నొప్పే లేనివాళ్ల స్కాన్‌లన్నీ కలిపి చూశారు. 20 ఏళ్ల వయసు వాళ్లలోనే 30 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. 80 ఏళ్ల వాళ్లలో 84 శాతం. గమనించండి, వీళ్లెవరికీ నొప్పి లేదు! రిపోర్ట్‌లో "డిస్క్ బల్జ్" అని రాసుంటే జీవితం అయిపోయినట్టు కాదు. జుట్టు నెరిసినట్టే అది కూడా వయసుతో వచ్చే మార్పు అయ్యుండొచ్చు. డాక్టర్ పరీక్ష చేసి రాస్తే తీయించండి. భయంతో మీ అంతట మీరే వెళ్లి వేలు ఖర్చు పెట్టకండి.

ఇప్పుడు బరువు సంగతికి వద్దాం. మన ఇళ్లలో 20 లీటర్ల వాటర్ టిన్ ఉంటుంది కదా. దాన్ని పొట్టకి ఆనించి పట్టుకోండి, పర్లేదు. అదే టిన్‌ని చేతులు ముందుకి చాపి పట్టుకోండి, పది సెకన్లలో నడుం అరుస్తుంది. టిన్ అదే, 20 కిలోలే. మారింది దూరం. ఇంటర్ ఫిజిక్స్‌లో టార్క్ అని చదివాం కదా, అదే ఇది. డెడ్‌లిఫ్ట్‌లో బార్ కాళ్లకి రాసుకుంటూ పైకి రావాలని కోచ్‌లు చెప్పేది ఇందుకే. బార్ ముందుకి జారిందంటే, ప్లేట్లు పెంచకపోయినా నడుం మీద లోడ్ పెరిగిపోతుంది.

ఈ ఫిజిక్స్‌ని పుస్తకం లేకుండా చూపించేవాళ్లు తాడేపల్లిగూడెం మిల్లుల దగ్గరే ఉన్నారు. ముఠా కూలీలని ఒకసారి గమనించండి. మన వైపు ధాన్యం బస్తా అంటే 75 కిలోల లెక్క. అంత బస్తాని మోసేవాడు ఒక్కడే వంగి నేల మీంచి లేపడు. ఇద్దరు అటూ ఇటూ పట్టి అందిస్తారు, అతను వీపు మీదో భుజం మీదో వేసుకుంటాడు. బరువు ఒంటికి అతుక్కుని ఉంటుంది, అడుగులు చిన్నవిగా పడతాయి. అలాగని వాళ్లకి నొప్పి రాదని కాదు, చాలామందికి వస్తుంది. తేడా ఏంటంటే, నొప్పి వచ్చిన రోజు మనం ప్లేట్లు తీసేయొచ్చు. వాళ్లకి బస్తా బరువు తగ్గదు, పని మానేస్తే ఆ రోజు కూలి రాదు. కొల్లేరు చెరువుల దగ్గర చేపల ట్రేలు లోడ్ చేసేవాళ్లదీ ఇదే కథ. బరువు తగ్గించుకునే అవకాశం మన చేతిలో ఉంది కాబట్టి దాన్ని వాడుకుందాం. అదేం చిన్నతనం కాదు.

చిన్నతనం అనిపిస్తే మీరాబాయి చానుని గుర్తు తెచ్చుకోండి. 2017లో వరల్డ్ ఛాంపియన్. 2018 ఏప్రిల్‌లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ గేమ్స్‌లో గోల్డ్. ఆ వెంటనే నడుం నొప్పి. ఫామ్‌లో ఉండి కూడా అదే ఏడాది ఏషియన్ గేమ్స్‌ వదులుకుంది. 2019 ఫిబ్రవరిలో మళ్లీ పోటీకి దిగింది. 2020లో అమెరికా వెళ్లి ఆరన్ హార్షిగ్ అనే ఫిజికల్ థెరపిస్ట్ దగ్గర ఒంట్లో ఎక్కడ బ్యాలెన్స్ తప్పుతోందో చూపించుకుంది. 2021 ఏప్రిల్‌లో తాష్కెంట్‌లో క్లీన్ అండ్ జెర్క్ 119 కిలోలు, వరల్డ్ రికార్డ్. జూలైలో టోక్యో ఒలింపిక్స్, మొత్తం 202 కిలోలతో సిల్వర్. ఒక పెద్ద పోటీ వదులుకున్నా కెరీర్ పోలేదు.

సరే, ప్రాక్టికల్‌గా ఏం చేయాలి?

మొదటి రెండు మూడు రోజులు: రోజంతా మంచం మీద పడుకోవద్దు. పది నిమిషాల చొప్పున రోజుకి మూడు నాలుగు సార్లు నడవండి. ఏలూరులో కాలవ గట్టు ఉంది, కొల్లేరు ఊళ్లలో చెరువు గట్లున్నాయి. వేడి కాపడం హాయిగా ఉంటే పెట్టుకోండి. నొప్పి మాత్రలు డాక్టర్ చెప్పినన్ని రోజులే వాడండి, అవి ఎక్కువైతే కడుపుకీ కిడ్నీలకీ చేటు. మాత్ర వేసుకుని వెళ్లి బార్ పట్టడం అసలొద్దు. నొప్పి ఇచ్చే సిగ్నల్ ఆఫ్ చేసి బరువు ఎత్తినట్టే. ఏం మందో పేరు చెప్పని ఇంజెక్షన్ వేయించుకోకండి.

తర్వాత: ఏం చేస్తే నొప్పి వస్తోందో పట్టుకోండి. వంగితేనా? వెనక్కి వాలితేనా? ఎక్కువసేపు కూర్చుంటేనా? ఒక వారం ఫోన్ నోట్స్‌లో రాయండి. కోడ్‌లో బగ్ వెతికినట్టే, ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి. ఏలూరు నుంచి గూడెం సుమారు 50 కిలోమీటర్లు బైక్ మీద వెళ్లి, దిగగానే డెడ్‌లిఫ్ట్ చేస్తున్నారేమో చూసుకోండి. ఇంకోటి, రాత్రి నిద్రలో డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే లేచిన మొదటి గంటలో వంగితే నడుం బిగుసుకున్నట్టు ఉంటుంది. ఐదింటికి లేచి ఐదున్నరకి బార్ పట్టేవాళ్లు టైమ్ కొంచెం వెనక్కి జరపండి.

నొప్పి కాస్త దిగాక: కెనడా వెన్నెముక నిపుణుడు స్టూవర్ట్ మెక్‌గిల్ చెప్పే మూడు వ్యాయామాలు. ఒకటి, వెల్లకిలా పడుకుని నడుం కింద చేతులు పెట్టి, తల, భుజాలు కొంచెమే లేపడం. రెండు, పక్కకి మోచేయి మీద ఆని సైడ్ ప్లాంక్. మూడు, మోకాళ్లు, చేతుల మీద ఉండి, ఒక చెయ్యి, దానికి ఎదురు వైపు కాలు చాపడం. ఒక్కోటి 10 సెకన్లు ఆపి, కొన్ని సార్లు. రోజూ చేయండి.

మళ్లీ బార్ పట్టేటప్పుడు: పాత బరువులో సగం, లేదా ఇంకా తక్కువ. బార్‌ని నేల మీంచి కాకుండా, కింద ప్లేట్లు పేర్చి మోకాలి ఎత్తు నుంచి మొదలుపెట్టండి. పది మార్కుల్లో నొప్పి మూడు దాటకూడదు, మర్నాటికి మామూలుకి రావాలి. వస్తే వచ్చే వారం కొంచెం పెంచండి. రాకపోతే ఒక మెట్టు దిగండి. బెల్ట్ అంటారా, అది కవచం కాదు. పొట్ట బిగించడానికి ఒక ఆసరా, అంతే. ఆరు వారాలైనా తగ్గకపోతే, నొప్పి మోకాలు దాటి కిందికి దిగుతుంటే ఫిజియోథెరపిస్ట్‌ని కలవండి.

కానిస్టేబుల్ తమ్ముడూ, నీకు ఈవెంట్‌లో డెడ్‌లిఫ్ట్ లేదు, పరుగుంది. నడక నొప్పి లేకుండా సాగితే మెల్లగా జాగింగ్‌కి వెళ్లు, ఆ తర్వాతే స్పీడ్. బార్ ఎక్కడికీ పోదు, సెలెక్షన్ అయ్యాక కూడా జిమ్‌లోనే ఉంటుంది. ఇంట్లో అమ్మకి కూడా చెప్పు, మానేయడం లేదు, తగ్గించి చేస్తున్నానని.

ఇంతేనండీ ఈ ఎపిసోడ్. నడుం పట్టేసిందని మంచం మీద ఉన్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, ఈ లింక్ పంపి, వాణ్ని లేపి కాసేపు నడకకి తీసుకెళ్లండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.