జింకకు, దుప్పికి తగిన తూటా

వేట తుపాకి కొనబోవువాడు అంగడిలో మొట్టమొదట అడుగు ప్రశ్న "ఏ క్యాలిబరు మంచిది?" అనునది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున వేటకాలము సమీపించుసరికి ఈ ప్రశ్నపై జరుగు వాదములకు అంతుండదు. చిన్నది చాలునని ఒకరందురు. పెద్దది కానిదే మృగము పడదని మరియొకరందురు. ఈ వాదమున తీర్పు చెప్పవలసినది మాత్రము మైదానమున మేయుచున్న మృగమే. గురి తప్పినను, తూటా చాలకపోయినను బాధపడునది అదియే కదా!

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట కృష్ణజింకను గాని, దుప్పిని గాని వేటాడుట నేరము. కనుక మన ప్రసంగము కొలరాడోను గూర్చియే సాగును. అచ్చట వేట ప్రభుత్వపు అనుమతి పత్రమునకును, నియమిత కాలమునకును లోబడి జరుగును. చంపిన మృగపు మాంసమును పాడుచేయుట అచ్చట శిక్షార్హము. 1937 నాటి కేంద్ర శాసనము ననుసరించి, రైఫిళ్లపైనను తూటాలపైనను నూటికి 11 వంతున వసూలగు పన్ను వన్యమృగ పోషణకే చెందును. డెన్వరు పరిసరములందు కాపురమున్న తెలుగువారిలో కొందరిని ఇరుగుపొరుగువారు ఈ వేటకు ఆహ్వానింపవచ్చును. తాత్కాలిక వీసాపై నున్నవారు వేట అనుమతి పత్రము లేనిదే అచ్చట తుపాకి చేతబట్టరాదని వారు గుర్తుంచుకొనుట మంచిది.

ముందుగా మృగముల సంగతి చూతము. కొలరాడో తూర్పు మైదానములలో ప్రాంగ్‌హార్న్ అను జింక తిరుగును. వేటగాండ్రు దీనిని యాంటిలోప్ అందురు గాని, శాస్త్రజ్ఞులు దీనికి వేరొక కుటుంబము నేర్పరచినారు. కొమ్ముపై తొడుగును ఏటేట రాల్చుట దీని విశేషము. బరువు 40 మొదలు 60 కిలోల వరకు ఉండును. గంటకు 80 కిలోమీటర్లకు మించి పరుగిడగలదు. చూపు మిక్కిలి తీక్షణమైనది. చెట్టు చాటు లేని పచ్చికబయలు దాని నివాసమగుటచే, వేటగాడు దానిని సమీపించుట కష్టము. ఇక పడమటి కొండలలోను, లోయలలోను మ్యూల్ డీర్ అను దుప్పి కలదు. కంచరగాడిద చెవులవంటి చెవులుండుటచే దానికా పేరు వచ్చినది. మగదుప్పి 70 కిలోలు మొదలుకొని నూరు కిలోలకు పైబడి తూగును. పొదల మాటున నుండును గనుక, ఒక్కొక్కప్పుడు దగ్గరనుండియే గురి దొరకును.

ఈ రెండింటిలో దేనినైనను బాధ లేకుండ త్వరగా పడగొట్టవలెనన్న గుండు తగులవలసిన చోటు ఒక్కటే. ముందుకాలి జబ్బ వెనుక, గుండెయు ఊపిరితిత్తులును ఉన్న తావది. ప్రాంగ్‌హార్నునందు దాని వెడల్పు రమారమి జానెడు. దుప్పియందు మరికొంత యెక్కువ. ఆ జానెడు చోటు దాటి పొట్టలోనో, తొడలోనో గుండు దిగబడినచో మృగము వెంటనే పడిపోదు. పరుగెత్తి పొదలు చేరి, గంటల తరబడి బాధపడి చచ్చును. వేటగానికి మాంసమును దక్కదు. క్యాలిబరును గూర్చిన చర్చయంతయు ఈ జానెడు చోటు చుట్టును తిరుగవలెను.

క్యాలిబరనగా స్థూలముగా తుపాకి గొట్టపు లోపలి వెడల్పు. అమెరికావారు దానిని అంగుళములో వేయవ వంతులతో చెప్పుదురు. కాని తూటాల పేర్లను నమ్మి లెక్క కట్టరాదు. .243 విన్‌చెస్టరు గుండు వెడల్పు పేరులో ఉన్నంతయే; .270 విన్‌చెస్టరు గుండు వెడల్పు మాత్రము .277 అంగుళము. .30-06 అను పేరులో 06 అనునది 1906వ సంవత్సరమునకు గుర్తు. .30-30 లోని రెండవ 30 మొదట అందు పోసిన మందు బరువును చెప్పుచున్నది. ఆ బరువులకు గ్రైను కొలమానము. ఇది మనకు క్రొత్తది కాదు. మన పాత తులము సరిగా 180 గ్రైనులు. అనగా .30-06లో వాడు 180 గ్రైనుల గుండు ఒక తులము తూగును. .243లోని 100 గ్రైనుల గుండు అరతులమునకు కొంచెము పైన.

కనీసపు కొలతను కొలరాడో ప్రభుత్వమే విధించినది. జింకకును దుప్పికిని వాడు రైఫిలు క్యాలిబరు .24కు తగ్గరాదు. గుండు 70 గ్రైనులకు తగ్గరాదు. నూరు గజముల దూరమున దాని శక్తి 1,000 అడుగు-పౌనులకు తగ్గరాదు. వేయి పౌనుల బరువును ఒక అడుగు ఎత్తునకు లేపుటకు పట్టు శక్తి యన్నమాట. ఇంగ్లండులో 1991 నాటి దుప్పుల చట్టమును, ఒకటి రెండు చిన్నజాతులను మినహాయించి, .240 అంగుళమునే కనీస క్యాలిబరుగా నిర్ణయించినది. సముద్రమున కీవల నొకటియు, ఆవల నొకటియు నున్న రెండు ప్రభుత్వములు ఇంచుమించు ఒకే గీత గీసినవనుట గమనింపదగినది.

ఆ గీతను ఆనుకొని యున్నది 1955లో వెలువడిన .243 విన్‌చెస్టరు. 100 గ్రైనుల గుండు సెకనుకు రమారమి 2,960 అడుగుల వేగముతో బయలుదేరును. 300 గజముల వరకు వేయి అడుగు-పౌనుల శక్తిని నిలుపుకొనును. ప్రాంగ్‌హార్నుకు ఇది చక్కగా సరిపోవును. దుప్పికి చాలును గాని, గుండు సరియైన చోటనే పడవలెను. 1925లో వచ్చిన .270 విన్‌చెస్టరు 130 గ్రైనుల గుండును సెకనుకు 3,060 అడుగుల వేగముతో పంపును. మైదానమునకును కొండకును ఒకే రైఫిలు చాలునను వారిలో పెక్కురు దీనినే ఎన్నుకొందురు. .30-06 ఇంకను బరువైన గుండును మోయగలదు. అచ్చటి ఎల్క్ అను పెద్ద దుప్పికిని పనికివచ్చును. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూరు గుండు సన్నగా, పొడవుగా ఉండుటచే గాలిని బాగుగా చీల్చుకొని పోవును. భుజమునకు దెబ్బయు తక్కువ. 1895 నాటి .30-30 పొదల మాటున దగ్గరి గురికి నేటికిని మంచిదే. దానిని 100 గజములకు సరిచేసి పెట్టినచో, 200 గజముల వద్ద గుండు దాదాపు 8 అంగుళములు క్రిందికి దిగును. జానెడు గురిలో ఎనిమిది అంగుళముల తేడా యనిన ఇక మిగులునదేమి? కాబట్టి ప్రాంగ్‌హార్ను తిరుగు బయళ్లకు అది తగదు.

వేగమైన తూటాకును హద్దు కలదు. .270ని 200 గజములకు సరిచేసినచో 300 గజముల వద్ద గుండు ఆరంగుళములకు కొంచెము పైగా దిగును. గంటకు పది మైళ్ల గాలి ప్రక్కనుండి వీచుచున్నచో, అదే దూరమున గుండు మరి ఆరేడంగుళములు ప్రక్కకు జరుగును. పచ్చికబయళ్లలో అట్టి గాలి నిత్యము వీచునదే. దుర్భిణిలో మృగము దగ్గరగా కనబడును గాని, నడుమనున్న గాలి దుర్భిణిలో కనబడదు.

ఇక వేటగాని భుజము మాట. సమానమైన బరువుగల తుపాకులలో .30-06 వెనుకకు తన్ను దెబ్బ .243 దెబ్బకు సుమారు రెట్టింపు. ఆ దెబ్బను ముందే తలచుకొని మీట నొక్కునపుడు కన్నులు మూసుకొను వారున్నారు, భుజము బిగబట్టువారున్నారు. ఆ ఒక్క క్షణమున గొట్టము వెంట్రుకవాసి కదలినను నూరు గజముల కావల అది అంగుళముల తేడా యగును. పెద్ద తూటా బలము పొట్టలో దిగిన గుండు చేసిన తప్పును దిద్దలేదు. చిన్న తూటాయే అయినను ఊపిరితిత్తులలో దిగినచో మృగము కొద్ది అడుగులలో కూలును. కావున బెదరు లేకుండ కాల్చగలిగినంతవరకే క్యాలిబరును పెంచుకొనవలెను. ఈ మాట క్రొత్తవారికి మరింత వర్తించును.

గుండు నిర్మాణమును చూడవలెను. సైనికుల తుపాకులలో వాడు పూర్తి లోహపు తొడుగుగల గుండు మృగము నుండి సన్నని రంధ్రము చేసికొని దూసికొనిపోవును. వేట గుండు ముందుభాగము మెత్తగా నుండి, తగిలినంతనే పుట్టగొడుగువలె విచ్చుకొనును. కొలరాడో నిబంధనలును, ఇంగ్లండు చట్టమును అట్టి గుండ్లనే వాడవలెనని శాసించుచున్నవి. సీసపు తునకలు కళేబరమున మిగిలి, వానిని తిను గ్రద్దలకు విషమగుచుండుటచే రాగి గుండ్లు వాడువారు నేడు కలరు.

ఇక అంగడిలో అడిగిన ప్రశ్నకు మా సమాధానమిది. జింకకును దుప్పికిని ఒక్కటే రైఫిలు కావలసినవాడు, మొదటిసారి కాల్చువాడైనచో, .243 గాని 6.5 క్రీడ్‌మూరు గాని తీసికొనవచ్చును. భుజము అలవాటు పడినవాడు .270 తీసికొనవచ్చును. ఎల్కును కూడ తలచువాడు .30-06 తీసికొనవచ్చును. ఏది తీసికొన్నను వేటకాలమునకు ముందు కాగితపు గురిపై ఒక జానెడు వలయము గీసి, నేలపై కూర్చుండియు, మోకాలిపై ఆనియు కాల్చి చూడవలెను. ఎంత దూరమువరకు ప్రతి గుండును ఆ వలయములో పడుచున్నదో అంతే అతని హద్దు. ఆ హద్దుకు ఆవల నిలిచిన జింక ఎంత అందమైన కొమ్ములు కలదైనను తుపాకి దించి, దానిని మేయనిచ్చి వెనుదిరుగవలెను.