అద్దెకిచ్చిన పోర్షన్‌కు బీమా



ఈ హాల్లో ఉన్నవారిలో చాలామంది ఒక పోర్షన్‌లో తాముంటూ ఇంకోటి అద్దెకిచ్చినవారే. రిటైరయ్యాక ఆ అద్దెతోనే మందులూ పాలూ వెళ్లదీసుకునేవారూ ఉన్నారు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వీధులు రోజుల తరబడి నీళ్లలో నానినప్పుడు ఇలాంటి ఇళ్లకు దెబ్బ మీద దెబ్బ తగిలింది. కింది పోర్షన్ పాడైంది, దాని అద్దె ఆగింది, అందులో ఉన్నవాళ్ల ఫ్రిజ్, పరుపులు, పిల్లల పుస్తకాలు బురదపాలయ్యాయి. "మీ ఇంటికి బీమా ఉందన్నారుగా అంకుల్, మా సామానుకు కూడా వస్తుందా?" అని వాళ్లు అడిగితే ఏం చెప్పాలి?

రాదు. ఆ మాట వరద వచ్చాక కాదు, ఇల్లు అద్దెకిచ్చే రోజే చెప్పాలి.

2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 'భారత్ గృహ రక్ష' అనే నమూనా పాలసీని తెచ్చింది. ఏ సాధారణ బీమా కంపెనీ దగ్గర తీసుకున్నా మూల షరతులు ఒకటే. అగ్నిప్రమాదం, తుపాను, వరద, భూకంపం, పిడుగు, అల్లర్లు, నీళ్ల ట్యాంకు పగలడం ఇందులోకి వస్తాయి. భవనానికి లెక్క కట్టేది మళ్లీ కట్టడానికయ్యే ఖర్చు. స్థలం విలువ అందులో ఉండదు. కాబట్టి గజం ఎంత పలుకుతోందో చూసి భయపడి బీమా మానుకోకండి. భవనానికి బీమా చేస్తే, అందులో ఇరవై శాతం మేర, గరిష్ఠంగా 10 లక్షల వరకు, ఇంట్లో సామానుకూ వర్తిస్తుంది. అయితే ఆ సామాను మీదీ మీ కుటుంబానిదీ అయి ఉండాలి. అద్దెకున్నవాళ్లు తమ సామానుకు మాత్రమే ఇదే పాలసీని తమ పేరున తీసుకోవచ్చు. ఆ ప్రీమియం యజమానే కట్టిపెట్టినా తప్పులేదని నా అభిప్రాయం. మన గోడల మధ్య కాపురం పెట్టిన కుటుంబం రాత్రికి రాత్రి కట్టుబట్టలతో మిగలడం మనకూ కష్టమే కదా.

ఈ పాలసీలో చాలామంది గమనించనిది అద్దె నష్టం. బీమా వర్తించే ప్రమాదం వల్ల ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే, ఆ కాలానికి మీరు పోగొట్టుకున్న అద్దె గానీ, మీరే వేరేచోట ఉండాల్సివస్తే కట్టిన అద్దె గానీ ఇస్తారు. దీనికి ఇల్లు నివాసయోగ్యంగా లేదని ఆర్కిటెక్టో మున్సిపాలిటీయో ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. అంతకన్నా ముందు, అసలు అద్దె వస్తోందని రుజువు కావాలి. నోటిమాట మీద ఇల్లిచ్చి నెలనెలా చేతికి నగదు తీసుకునేవారు ఇక్కడే చిక్కుకుంటారు. పదకొండు నెలల అగ్రిమెంటు రాయించుకోండి, అద్దె బ్యాంకు ఖాతాలో వేయమనండి.

దొంగతనం సంగతి కూడా స్పష్టంగా తెలుసుకోవాలి. వరదో మంటలో లాంటి బీమా వర్తించే ప్రమాదం జరిగాక, దాని కారణంగా ఏడు రోజుల్లోపు జరిగిన దొంగతనానికే ఈ పాలసీ వర్తిస్తుంది. మామూలుగా తాళం పగలగొట్టి ఎత్తుకెళితే రాదు, దానికి వేరే కవర్ తీసుకోవాలి. పిట్టగోడ కూలి కింద నిలబడ్డ అద్దెకున్నవాళ్ల బిడ్డకు దెబ్బ తగిలితే ఇవ్వాల్సిన పరిహారమూ మూల పాలసీలో లేదు. మెట్లు, పిట్టగోడ, డాబా అందరూ వాడుకునే ఇళ్లలో ఈ బాధ్యత కవర్ తప్పకుండా అడిగి తీసుకోండి.

గ్యాస్ గురించి ఒక్క మాట. ఆయిల్ కంపెనీలు ఎల్‌పీజీ ప్రమాదాలకు బీమా కట్టి ఉంచుతాయి. కనెక్షన్ నమోదైన చిరునామాలో జరిగిన ఆస్తి నష్టానికి అది వర్తిస్తుంది. అద్దెకు దిగినవాళ్లు పాత చిరునామా మీదున్న సిలిండరే వాడుతుంటే ఆ రక్షణ పోయినట్టే. మార్పించుకోమని వెంటపడి చెప్పండి.

కింద కిరాణా కొట్టుకో టైలరింగ్ షాపుకో ఇస్తే వ్యవహారం మారుతుంది. గృహ రక్ష కాపురముండే ఇంటికి మాత్రమే. షాపు భాగానికి 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' లాంటి వ్యాపార పాలసీ చూడాలి.

ఇంటి లోను ఉన్నవారికి బ్యాంకు అప్పుడే బీమా చేయించి ఉండొచ్చు. ఆ కాగితం ఇవాళే తీసి చూడండి. చాలాసార్లు అది అప్పు మొత్తానికే ఉంటుంది, క్లెయిమ్ డబ్బు ముందు బ్యాంకుకే వెళుతుంది. అందులో మీరొక్కరే ఉంటున్నట్టు రాసి ఉంటే, పోర్షన్ అద్దెకిచ్చామని, ఏ తేదీ నుంచో, ఎవరికో కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. ఏజెంటుకు ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. పాలసీలో ఆ మార్పు చేర్చినట్టు కంపెనీ ఇచ్చే ఎండార్స్‌మెంటు చేతికి వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.