ఋణవిముక్తికి సంఘము తోడు

అప్పుచేసి పప్పుకూడు తినువారిని లోకము పరిహసించును. కాని మన గ్రామములలో అప్పుపడిన కుటుంబములు అనేకము పప్పుకూటికై అప్పుచేసినవి కావు. విత్తనమునకు, వైద్యమునకు, ఆడపిల్ల పెండ్లికి చేసినవి. అట్టి కుటుంబము ఋణము తీర్చుకొనుటలో చర్చి ఎట్లు తోడుపడగలదో, ఎంతవరకు తోడుపడవలెనో ఈ ప్రసంగమున విచారింతము.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. జర్మనీలో 1846-47 నాటి క్షామకాలమున రైఫైజెన్ అను గ్రామాధికారి కలిగినవారిచే సొమ్ము వేయించి, రొట్టెలు చేయించి, పేదలకు అరువుగా ఇప్పించెను. ఆయన దైవభక్తిగల ప్రొటెస్టెంటు. దానము ఆ పూట ఆకలిని తీర్చును గాని అప్పును తీర్చదు. అందుచే 1864లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో ఆయన పరపతి సంఘమును స్థాపించెను. ఒకరినొకరు ఎరిగిన ఇరుగుపొరుగువారే సభ్యులు. ఒకరి బాకీకి అందరును పూచీ. మద్రాసు రాజధానిలో, అనగా మన కోస్తా, రాయలసీమ జిల్లాలు చేరియున్న ఆ రాజధానిలో, ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897 సంవత్సరములలో సమర్పించిన నివేదిక ఈ మార్గమునే సూచించెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది.

పిమ్మట ఐదేండ్లకు, 1909లో, హాఫ్‌మన్ అను జెసూట్ గురువు రాంచీలో ఛోటానాగపూర్ కథోలిక సహకార పరపతి సంఘమును నెలకొల్పెను. ఆ సీమలోని ముండా మొదలగు ఆదివాసులు అప్పులకు భూములను పోగొట్టుకొనుచుండిరి. 1908లో వచ్చిన కౌలు చట్టము భూమికి కొంత రక్ష కల్పించెను; సంఘము చేతికి చవుక అప్పును, పొదుపు అలవాటును అందించెను. యుద్ధకారణమున హాఫ్‌మన్ 1915లో ఈ దేశమును విడువవలసి వచ్చినను సంఘము నిలిచినది. అది సభ్యుల కాళ్లపై నిలిచినది గాని గురువు భుజములపై కాదు.

ఇక ఊహకు మన ప్రాంతపు కుటుంబమునొకదానిని తీసికొందము. భార్యాభర్తలు కూలికి పోవుదురు. 40 వేల రూపాయల అప్పు కలదు. వడ్డీ నూటికి నెలకు మూడు రూపాయలు. ఎంత పొదుపు చేసినను నెలకు 1,500 రూపాయలకంటె మిగులదు. అందులో మొదటి నెల వడ్డీకే 1,200 పోవును. అసలులో తరుగునది 300 మాత్రమే. ఒక్క నెలయు తప్పక చెల్లించినను నాలుగున్నర ఏండ్లు పట్టును. మొత్తము దాదాపు 82 వేలు ఇచ్చుకొనవలెను. జబ్బుచేసి ఎనిమిది నెలలు చెల్లింపు ఆగి, వడ్డీ అసలులో కలియుచు పోయెనా, బాకీ 50 వేలు దాటును. అటుపిమ్మట ఆ 1,500 వడ్డీకైనను చాలవు. ఎంత కష్టించినను తీరని అప్పనగా ఇదియే.

ఆ 40 వేలను చర్చి కుటుంబములు కూడి పెట్టుకొన్న పొదుపు సంఘము నూటికి రూపాయి వడ్డీకి ఇచ్చినదనుకొందము. అదే 1,500తో రెండేండ్ల ఎనిమిది నెలలలో అప్పు తీరును. ఇచ్చునది సుమారు 47 వేలు. ఎవరును దానము చేయలేదు. కుటుంబమే తన చెమటతో తీర్చుకొన్నది. ఐనను 35 వేల రూపాయలు ఇంట మిగిలినవి.

ఇట్టి సంఘమునకు మూలధనమెక్కడిదని అడుగవచ్చును. అన్నము వండునప్పుడెల్ల పిడికెడు బియ్యము దేవునికని వేరుంచు ఆచారము మన తెలుగు క్రైస్తవుల ఇండ్లలో కలదు. పొదుపునకు అంతకు మించిన పాఠశాల లేదు. ఆంధ్రప్రదేశములో 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము ఇట్టి పొదుపు సంఘములకు మార్గము చూపినది.

సొమ్ముతోపాటు కావలసినవి మరి రెండు కలవు. ఒకటి సాక్ష్యము. అప్పు తీర్చుటకు పోవునప్పుడు చదువు వచ్చిన సంఘపెద్ద ఒకరు వెంట పోవలెను. ఇచ్చిన పైకమునకు రసీదు తీసికొని, లెక్క ముగిసిననాడు ప్రాంసరీ నోటును చెల్లువ్రాయించి తిరిగి పుచ్చుకొనవలెను. రెండవది మర్యాద. అప్పు తీరకముందే మరల అప్పు చేయించునది ఆకలికంటె తరచుగా సిగ్గు. పదిమంది కలసి పెండ్లివిందును తగ్గించుకొన్నయెడల పేదవాని ఇంటి సాదాపెండ్లి ఎవరి కంటను పడదు. క్రిస్మసు బట్టల విషయమును ఇంతే.

హెచ్చరిక కూడ అవసరము. పాస్టరుగారే అప్పిచ్చువారు కారాదు; ప్రార్థనకు వచ్చినవాడు బాకీదారుగా తలవంచుకొని కూర్చుండరాదు. లెక్కలు సభ్యులందరి ఎదుట చదువవలెను. ఒక ఇంటి అప్పు సంగతి వాకిలి దాటి ఊరివారి నోట పడరాదు. మతము మారిననే సహాయమను షరతు అసలే పనికిరాదు. అది మరియొక వడ్డీ యగును.

ఈ సూత్రములు చర్చికే పరిమితములు కావు. దేవాలయము చెంతనైనను, మసీదు చెంతనైనను ఒకరినొకరు నమ్మువారు పదిమంది కూడినచోట ఇవి పనిచేయును. ఋణవిముక్తమైన కుటుంబము మరునెలనుండి మరియొక కుటుంబమునకు పూచీగా నిలిచిననాడే సంఘము చేసిన మేలు పూర్తియైనట్లు మేము తలంతుము.