వెంట ఉన్నవాళ్లు

 

తెలంగాణలో స్నేహాన్ని సోపతి అంటారు. మా కర్నూలులో దోస్తీ అంటాం. సోపతి అచ్చతెలుగు మాటలాగే వినిపిస్తుంది గానీ దాని పుట్టిల్లు ఉర్దూలోని సోహ్బత్. ఆ సోహ్బత్ అరబీ నుంచి వచ్చింది. ప్రవక్త వెంట నడిచినవాళ్లను సహాబా అంటాం కదా, ఆ మాటదీ ఇదే ధాతువు. వెంట ఉండడమే దాని అర్థం. 28 ఏళ్లు నర్సుగా చేశాను. ఆసుపత్రి పనిలో మనిషి కుంగిపోకుండా నిలబడేది వెంట ఒకరు ఉన్నప్పుడేనని నా అనుభవం. ఈరోజు ఆసుపత్రుల్లో పనిచేసే మీ ముందుకు అదే చెప్పడానికి వచ్చాను.

2020 ఏప్రిల్ మా ఊరికి గడ్డు నెల. నెలాఖరుకు రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువ కోవిడ్ కేసులు మా జిల్లావే. 14వ తేదీన డాక్టర్ ఇస్మాయిల్ హుసేన్ గారు ఆ జబ్బుతోనే పోయారు. 76 ఏళ్లు. రెండు రూపాయల డాక్టరంటే కర్నూలులో ఆయనే. పేదవాళ్లు ఇచ్చింది తీసుకుని నాడి చూసిన మనిషి. మామూలు రోజులైతే ఆ జనాజాకు ఊరు ఊరంతా కదిలేది. లాక్‌డౌన్‌లో ఆయనకు భుజం పట్టే భాగ్యం ఊరికి దక్కలేదు. మనలో జనాజా మోయడం బతికున్నవాళ్లందరి బాధ్యత. అది తీర్చుకోలేకపోతే దుఃఖం లోపలే గడ్డకడుతుంది. ఆ నెలలో మా వార్డుల్లో చాలామందికి అదే జరిగింది.

దానికి తోడు, ఢిల్లీ మర్కజ్‌లో జరిగిన తబ్లీగీ సమావేశం నుంచే కోవిడ్ పాకిందంటూ ముస్లింలను వేలెత్తి చూపిన వార్తలు. పేరు అడిగి రెండడుగులు వెనక్కి జరిగిన రోగుల బంధువులను చూశాను. ఇల్లు ఖాళీ చేయమన్న మాటా విన్నాను. ఎవరికీ చెప్పుకోలేదు. సబ్ర్ చేయాలి కదా, ఓర్చుకోవాలి కదా అనుకున్నాను. నిద్ర పోయింది. అన్నం సహించలేదు. ఇంజెక్షన్ పట్టుకుంటే చేయి వణికేది. నమాజులో నిలబడ్డా మనసు నిలవలేదు. నా ఈమానే తక్కువైందని నన్ను నేనే తిట్టుకున్నాను.

ల్యాబులో పనిచేసే నా స్నేహితురాలు ఒకరోజు మెట్ల దగ్గర నన్ను ఆపింది. "ఆపా, సబ్ర్ అంటే నోరు కట్టుకోవడమని నీకెవరు చెప్పారు? యాకూబ్ నబీ కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకోలేదా? ఆయన సబ్ర్ ఏమైనా తక్కువైందా?" అంది. రెండు రోజుల తర్వాత మానసిక వైద్యుడి దగ్గరికి తనే తీసుకెళ్లింది. నేను లోపల ఉన్నంతసేపూ బయట బెంచీ మీద కూర్చుంది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. నమ్మి అప్పగించిన అమానత్‌లా దాచింది. ఇవాళ మొదటిసారి నేనే నలుగురిలో చెబుతున్నాను.

అదే సలహా పై అధికారి ఇచ్చి ఉంటే నేను వినేదాన్ని కాదు. "నీ విశ్వాసం చాలలేదు" అన్నట్టే నా చెవికి తోచేది. నా పక్కన నిలబడి నమాజు చదివే మనిషి చెప్పింది కాబట్టి మందు మింగాను. దీన్ పంచుకున్న స్నేహానికి ఉన్న బలం అదే. మన బాధ పేరేమిటో దానికి తెలుసు, మన సాకులు కూడా తెలుసు.

అయితే నన్ను కాపాడింది అదొక్కటే కాదు. ఆ ఏడాది రంజాన్ ఏప్రిల్ 25న మొదలైంది. పీపీఈ కిట్ వేసుకుంటే రోజా ఉన్నా లేకున్నా గుక్కెడు నీళ్లకు దారి లేదు. నాతో పనిచేసే సిస్టర్ ఒకామె ఉండేది. క్రైస్తవురాలు. రోజా విడిచే మగ్రిబ్ వేళ కాగానే, "వదినా, నువ్వెళ్లు, ఇక్కడ నేనున్నా" అని నా మంచాలు తను చూసేది. కిట్ విప్పి, చేతులు కడుక్కుని, ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, నమాజు చేసుకుని వచ్చేదాన్ని. ఒక్కరోజు కూడా గుర్తు చేయాల్సి రాలేదు. బదులుగా, నేను రిటైరయ్యేదాకా క్రిస్మస్ రాత్రి ఆమె డ్యూటీ నాదే.

మన వాట్సాప్ గ్రూపుల్లో వందల మంది ఉన్నాం. జుమ్మా ముబారక్‌లు వస్తాయి, దువాలు వస్తాయి. మంచిదే. కానీ అర్ధరాత్రి వార్డులో పసిబిడ్డ చేతుల్లోనే పోయినప్పుడు ఫోన్ చేయగల పేరు ఒకటైనా మీ దగ్గర ఉందా? అది నాకు ముఖ్యం.

వెంట నిలవడమంటే ఏమిటో చెప్పే పాత కథ ఒకటి ఉంది. హిజ్రీ 18లో, అంటే క్రీ.శ. 639లో, పాలస్తీనాలోని అమ్వాస్ నుంచి సిరియా అంతటా ప్లేగు పాకింది. అక్కడి సేనాని అబూ ఉబైదా, ఖలీఫా ఉమర్‌కు ప్రాణమిత్రుడు. మిత్రుణ్ణి ఎలాగైనా బతికించుకోవాలని, నీతో అత్యవసరమైన పని పడింది, వెంటనే బయల్దేరి రమ్మని ఉమర్ ఉత్తరం రాశారు. అబూ ఉబైదాకు విషయం అర్థమైంది. నా సైనికులను వదిలి రాలేనని జవాబు రాశారు. అది చదివి ఉమర్ ఏడ్చారు. చాలామంది ఈ కథను ఇక్కడే ఆపేస్తారు. నాకు నచ్చేది దీని తర్వాతి ఉత్తరం. పల్లపు తడినేలలో ఉన్న సైన్యాన్ని ఎత్తైన, గాలి బాగుండే చోటికి మార్చమని ఉమర్ అందులో రాశారు. మిత్రుడు డ్యూటీ వదలనన్నాడు. ఆ మాటకు విలువిచ్చి, అతను నిలబడ్డ చోటును మెరుగుపరచడానికి తన చేతనైంది చేశారు. అబూ ఉబైదా ఆ ప్లేగులోనే పోయారు. స్నేహం ప్రతిసారీ ప్రాణం నిలపలేదు. మనం రోగులతో చేసే పనీ అంతే కదా.

ఇక్కడున్న సీనియర్లకు ఒక్క మనవి. రేపు డ్యూటీకి వెళ్లినప్పుడు, కొత్తగా చేరిన పిల్లల్లో నైట్ డ్యూటీ దిగి ఒంటరిగా టీ తాగుతున్నది ఎవరో చూడండి. వెళ్లి పక్కన కూర్చోండి. చెప్పింది వినండి, విన్నది అమానత్‌గా దాచండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సి వస్తే చీటీ రాసి పంపకండి. మీరే వెంట వెళ్లి, వాళ్లు బయటికి వచ్చేదాకా ఆ బెంచీ మీద కూర్చోండి.