లైఫ్ సర్టిఫికెట్‌లో లేని కాలమ్
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాము. బతికి ఉన్నామా అన్నదే దానికి కావాలి. ఎట్లా బతుకుతున్నామన్న కాలమ్ అందులో లేదు.

2019లో నాకు ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ జరిగింది. తరువాత పి.ఎస్.ఏ. రక్తపరీక్ష బాగానే వచ్చింది. కాని మూత్రం పైపు తీసిన నాటి నుండి దగ్గినా, లేచినా పంచె తడిసేది. దానికి ఉపాయముందని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ముప్పయ్యేళ్ళు ఇతరుల ఫైళ్ళకు కొర్రీలు వేసినవాణ్ణి, నా ఫైలుకు ఒక్క కొర్రీ వేయలేకపోయాను.

సిరిసిల్లలో మా చెల్లె మనవరాలి పెండ్లికి, బస్సులో ఎట్లా కూర్చునేదని, జ్వరమని చెప్పి మానుకున్నాను. చెల్లె అలిగింది.

ఒకనాడు కోరుట్ల మిత్రుడొకరు ఇంటికొచ్చి, "ఏందన్నా, మీటింగులకు వచ్చుడు బందు చేసినవ్?" అన్నాడు. చెప్పక తప్పలేదు. ఆయనకూ అదే ఆపరేషన్ అయిందట! ఒకే సంఘంలో ఉండి ఇద్దరమూ దాచుకున్నాము. ఆయనే నన్ను ఫిజియోథెరపిస్టు వద్దకు తీసుకుపోయాడు.

వ్యాయామం సులువు. మూత్రం ఆపుకొనేటప్పుడు బిగించే కండరాలను బిగించి, అయిదు లెక్కబెట్టి వదలాలి. పదిసార్లు చొప్పున రోజుకు మూడు పూటలు. ఊపిరి బిగబట్టరాదు, మూత్రం పోసేటప్పుడు చేయరాదు. అమెరికా డాక్టరు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ప్రసవించిన స్త్రీల కోసం ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. నాకు ఆరు నెలల్లో చాలావరకు తగ్గింది. చాలామందికి ఏడాదిలో మెరుగవుతుంది. తగ్గనివారికి వేరే చికిత్సలున్నవి.

రేడియేషన్ తీసుకున్నవారికి విరేచనాల ఇబ్బంది, హార్మోన్ సూదులు వేసుకునేవారికి ఒంట్లో ఆవిర్లు, నీరసం, ఎముకల బలహీనత రావచ్చు. వీటిని వయసు ఖాతాలో రాసేయకుండా డాక్టరుకు చెప్పండి.

ఇక సంకోచపడే మాట. ఈ చికిత్సల వల్ల దాంపత్యశక్తి తగ్గవచ్చు. నేను చెప్పలేక రెండేండ్లు వేరే గదిలో పడుకున్నాను. మా ఇంటామె తన మీద కోపమనుకున్నది. చెప్పిననాడు, "ఇంతేనా, ఇన్నాళ్ళు నేనేం తప్పు చేసిన్నో అనుకున్న" అని ఏడ్చింది. దీనికీ మందులున్నవి, గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడరాదు.

మొన్న సిరిసిల్ల పోయి, చెల్లెకు అసలు సంగతి చెప్పి వచ్చాను. సంచిలో ఇంకో పంచె పెట్టుకున్నాను, అవసరం పడలేదు.

మిత్రులారా, ఆ లేని కాలమ్ మనమే నింపుకోవాలి. డాక్టరుతో, ఇంటామెతో, ఒక స్నేహితునితోనైనా చెప్పండి.